చంద్రుడి దాకా పోయిన చీమలు

మా బోధన్ వైపు పిల్లలకు ఆ రోజుల్లో తీపికి కరువు లేదు, మెచ్చుకోలుకే కరువు. చెరుకు బండ్ల వెంట పరుగెత్తి ఎన్ని గడలు లాగినా అడిగేవాళ్లు లేరు గానీ, "శాబాష్" అనిపించుకోవాలంటే మాత్రం తల తాకట్టు పెట్టాలి. ఉన్న ఆ కాస్త మెచ్చుకోలూ మా చిన్నమ్మ బిడ్డకే పోయేది. నాకంటే మూడు నెలలు చిన్నది కాబట్టి వరసకు చెల్లె. మా రెండిళ్లకూ ఒకటే గోడ, మా ఇద్దరికీ ఒకటే క్లాసు. "దాన్ని సూసి నేర్సుకో రా" అనకుండా మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం) నాకు ఒక్క పూట కూడా అన్నం పెట్టిన గుర్తు లేదు. అయిదో తరగతిలో క్రిస్మస్ నాటకం వేస్తే అది దేవదూత, నేను గొర్రె. (గొర్రెకు మాటలు లేవు. ఉన్నది ఒక్క అరుపు. అదీ సరిగా అరవలేదని చర్చి మొత్తం నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.)

తొమ్మిదో తరగతిలో నిజామాబాద్‌లో బొమ్మల పోటీ పెట్టారు. అంతరిక్షంలో మనిషి ఏదీ వృథా చేయకుండా ఎట్లా బతకాలో గీయాలి. మొదటి బహుమతి పన్నెండు రంగుల డబ్బా, సర్టిఫికెట్. నాకు కావలసింది అవి కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మా అవ్వ చెల్లె వైపు తిరిగి "వాన్ని సూసి నేర్సుకోవే" అనాలి. అంతే.

వారం రోజులు గీశాను. చంద్రుడి మీద గాజు గుడారం, దానిలో చెరుకు తోట, దానికి నిజాంసాగర్ కాలువ, కాలువకు తూము కూడా! ఆకాశానికి నా నల్ల రంగంతా అరగదీశాను. చుక్కలకు జాగా వదలడం మాత్రం మరిచిపోయాను. గోడ మీదుగా తొంగి చూస్తే చెల్లె కాగితం మీద ఒక మూల భూమి, ఇంకో మూల చంద్రుడు, నడుమంతా ఖాళీ.

"ఆకాశం నల్లగుంటది గదనే?" అన్నాను.

"ఉంటది. కానీ గంత రంగు ఎందుకు ఖరాబు చేసుడన్నా? వృథా చెయ్యొద్దనే గద పోటీ!"

ఆ మాట నాకెందుకు తట్టలేదు?

పోటీ రోజు బొమ్మలన్నీ హాల్లో బల్లల మీద పరిచి మమ్మల్ని అన్నాలకు పంపారు. నా టిఫిన్ డబ్బాలో రొట్టె, బెల్లం పాకం. నేను మంచినీళ్ల నెపంతో లోపలికి పోయి, వేలితో పాకం తీసి చెల్లె బొమ్మ మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క గీత గీశాను. కిటికీ అంచునే చీమలు తిరుగుతున్నాయి. మిగతా పని అవి చేసుకుంటాయని నా ధీమా. ఎవరో వస్తున్న చప్పుడైతే వేలు జేబులో తుడుచుకుని బయటపడ్డాను.

న్యాయనిర్ణేత ఒక ముసలి సైన్సు సారు. బల్లల వెంట నడుచుకుంటూ వచ్చి చెల్లె బొమ్మ దగ్గర ఆగిపోయాడు. భూమి నుంచి చంద్రుడి దాకా తెల్లటి ఖాళీలో చీమలు బారు కట్టి పోతున్నాయి.

"ఎవరు గీసిండ్రు ఇది?"

"నేనే సార్. కానీ చీమల్ని నేను పెట్టలే. అవే వచ్చినయి."

"అదే గద బిడ్డా గొప్పతనం! చీమ ఎంత కావాలో అంతే మోసుకపోతది. మనిషి గిట్ల పోవాలె చంద్రుడి మీదికి!"

మొదటి బహుమతి చెల్లెకే. చీమలు నావి. ఐడియా నాది. చెప్పుకుందామంటే నేరం కూడా నాదే. నోరు మూసుకుని చప్పట్లు కొడుతుంటే జేబులో ఏదో కుట్టింది. తర్వాత ఇంకోటి. తర్వాత లెక్కలేదు. నేను హాలు నడుమ ఎగరడం మొదలుపెట్టాను.

"సూడుండ్రి! చెల్లెకు ప్రైజొస్తే అన్న ఎట్ల ఎగురుతుండో!" అన్నాడు సారు. అందరూ నాకూ చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం పాస్టరుగారు తోబుట్టువుల ప్రేమ మీద ప్రసంగిస్తూ నా పేరు చెప్పారు. ఇంట్లో అవ్వ మాత్రం "ఎగురుడు గాదు, దాన్ని సూసి నేర్సుకో" అంది.

పోటీ నాడు తిరుగు బస్సులోనే చెల్లె రంగుల డబ్బా తెరిచి సగం నాకిచ్చింది. ఆరింటిలో ఒకటి తెల్లది! తెల్ల కాగితం మీద తెల్ల రంగుతో ఏం గీయాలి? పనికిరానిది నా మొహాన కొట్టిందని ఆ రంగు ముట్టకుండా దాచాను, సాక్ష్యంగా.

మొన్న డిచ్‌పల్లిలో చెల్లె ఇంటికి పోతే దాని బిడ్డ రంగులు ముందేసుకుని కూర్చుంది. నాకు పాత మంట లేచింది. "అప్పుడు నాకు తెల్లది అంటగట్టినవ్, గుర్తుందా?" అని అడిగేశాను.

చెల్లె నవ్వింది. "నీ జేబుల చీమలు, నా బొమ్మ మీది చీమలు ఒక్కటే గదన్నా. బొమ్మల సగం నీదే అని రంగులు సగం ఇచ్చిన."

"మరి తెల్లది?"

"నీ ఆకాశంల చుక్కల్లేకుండె. పాపం, పెట్టుకుంటవని."

ఇన్నేళ్లుగా పెంచి పెద్ద చేసిన నా కోపాన్ని ఒక్క మాటతో చంపేసింది. ఆ కోపం పోయినందుకు కూడా నాకు కోపమే. ఇంటికొచ్చి ఆ తెల్ల రంగు వెతికి, నల్ల అట్ట మీద నాలుగు చుక్కలు పెట్టి చూశాను. బాగానే పడ్డాయి.

అయినా, ఆ సర్టిఫికెట్ మీద ఇప్పటికీ దాని పేరొక్కటే ఉంది.