‘అదేనప్పా!’ ఇమ్మానుయేలు

కదిరి దగ్గర పల్లెలో ఉండే చిత్రకారుడు ఇమ్మానుయేలుకు ఉన్న జబ్బు ఒక్కటే. తన బొమ్మను చూసి ఎవరేం చెప్పినా ‘‘అదేనప్పా!’’ అంటాడు. పక్కనున్నవాడు సరిగ్గా దానికి ఎదురు చెప్పినా ‘‘అదేనప్పా!’’ అనే అంటాడు. ఈ మాటతో ఊళ్లో అందరికన్నా ఎక్కువ విసిగిపోయిన మనిషి ఆయన భార్య కృపాకుమారి.

ఆయన బొమ్మల్లో మనిషి ఉండడు, మాను ఉండదు, గొడ్డూ గోదా ఉండవు. మిద్దెమీద కాన్వాసు పరిచి, లుంగీ ఎగగట్టి, దాని చుట్టూ తిరుగుతూ డబ్బాలతో రంగు కుమ్మరిస్తాడు, చీపురుతో చిమ్ముతాడు. ఉన్నట్టుండి వెనక్కి జరిగి గడ్డం గోక్కుంటాడు. మళ్లీ పులిలా దూకుతాడు. మొదటిసారి ఇది చూసిన అత్త ఎలిజబెత్తమ్మ, అల్లుడికి దయ్యం పట్టిందని పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన బొమ్మను చాలాసేపు చూసి, ‘‘ఎర్రసముద్రం పాయలైనట్టుండాదే!’’ అన్నాడు.

‘‘అదేనయ్యగారూ!’’

ప్రార్థన అవసరం లేకుండానే దయ్యం వదిలిపోయింది.

ఇంకోసారి పెద్దరైతు బయ్యన్న ఒక బొమ్మలో తన పార్టీ జెండా చూశాడు. అదే బొమ్మలో ఆయన ప్రత్యర్థి నాగన్న తన పార్టీ జెండా చూశాడు. ఇద్దరికీ ‘అదేనన్నా’ అన్నాడని తెలిసి, ఇద్దరూ కలిసి నిలదీయడానికి వచ్చారు.

‘‘మా జెండా అంటివే?’’

‘‘అదేనన్నా.’’

‘‘మరి వీనికి?’’

‘‘అదీ అదేనన్నా.’’

ఇమ్మానుయేలు ఎదుటివాణ్ణి ఆటపట్టిస్తున్నాడని ఎవరికి వారు అనుకుని, ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

‘‘ఒక్కసారన్నా కాదని చెప్పయ్యా! నీకంటూ ఒక మాట లేదా?’’ అనేది కృపాకుమారి.

‘‘నీకేమి కనపడతాండాది కృపా?’’

‘‘ఉతకాల్సిన లుంగీ!’’

‘‘అదేనే!’’

అయినా ఆమెకు తెలుసు. పసుపు ఒక్కచోట కుదరలేదని నెల శ్రమనంతా గీకి పారేసే మనిషి ఆయన. పనిలో అంత మొండి. మాట దగ్గరే ఇంత మెత్తన.

ఆ మెత్తదనం పుట్టపర్తి ప్రదర్శనలో కొంప ముంచబోయింది. బెంగళూరులో గ్యాలరీ నడిపే వనజాక్షి ఆయన బొమ్మలు చూడటానికి వచ్చింది. గోడంత ఎర్రబొమ్మ ముందు ఆగిపోయింది. ‘‘విశ్వచైతన్యం కదండీ?’’

‘‘అదేనమ్మా!’’

ఆమె మురిసిపోయింది. బెంగళూరులో ఆయన ఒక్కడి బొమ్మలతోనే ప్రదర్శన పెడతానంది. గుమ్మం ఎదురుగా ఈ బొమ్మే, ఆ పేరుతోనే ఉంటుందని చెప్పింది. ఇన్నేళ్లకు దారి దొరికిందని కృపాకుమారి మనసు కుదుటపడింది.

అంతలో ఊరివాళ్లు ఆటోలో దిగారు. కదిరప్ప ముందు నడిచాడు. ఆయన భార్య నల్లమ్మ, జీవితమంతా కూలిపనికి పోయిన మనిషి, చెప్పులు విడిచి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఇమ్మానుయేలు ఎదురుపోయి పిలుచుకొచ్చాడు.

‘‘చూసి చెప్పత్తా. నీకేమి కనపడతాండాది?’’

‘‘దానికేం తెలుస్తాది లేప్పా,’’ అన్నాడు కదిరప్ప.

‘‘నేను అత్తను అడిగినా మామా.’’

నల్లమ్మ బొమ్మను పైనుంచి కిందికి చూసింది. మెల్లగా అంది: ‘‘వంక పారతాండాది. ఎర్రనీళ్లు. నాకప్పుడు పెండ్లి కాలేదు. చేన్లో ఉంటే వాన పట్టుకునింది. అందరూ గుడిసెలోకి ఉరికిరి. నేను నీళ్లల్లోకి దుమికినా. కొత్త చెప్పులు కొట్టుకపోయె. నాయన తంతాడని తెలుసు, అయినా నవ్వు ఆగల్యా.’’

‘‘అదేనత్తా!’’

వనజాక్షి ముఖం మాడింది. ‘‘నాతో విశ్వచైతన్యం అన్నారు?’’

‘‘అదీ అదేనమ్మా.’’

‘‘రెండూ ఎలా అవుతాయండీ? ఏదో ఒకటి చెప్పండి. పేరు లేని బొమ్మను నేను ముందు పెట్టలేను.’’

కృపాకుమారి వనజాక్షి వెనక్కి జరిగి నిలబడింది. ‘చెప్పయ్యా మహానుభావా’ అని కళ్లతోనే బతిమాలింది.

‘‘అట్లయితే వద్దులేమ్మా,’’ అన్నాడు ఇమ్మానుయేలు. ‘‘నీకేమి కనపడతాందని ఈయమ్మను ఇంతవరకూ ఎవరన్నా అడిగినారా? ఇప్పుడు నోరు తెరిచి చెప్పింది. కాదని నేనెట్ల చెప్పేది?’’

భర్తతో ఇన్నేళ్లు కాపురం చేసిన కృపాకుమారికి ఆ జబ్బు ఏమిటో అప్పుడు అర్థమైంది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది.

‘‘ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేమే?’’ అన్నాడు కదిరప్ప, భార్యను కొత్తమనిషిలా చూస్తూ.

‘‘నువ్వెప్పుడడిగినావు?’’

వనజాక్షి ముందుగా నవ్వేసింది. మళ్లీ బొమ్మకేసి తిరిగింది. ఈసారి ఎందుకో కింది ఎరుపు వైపే ఎక్కువసేపు చూసింది. ‘‘పేరు లేకుండానే పెడదాంలెండి,’’ అంది చివరికి. ‘‘వచ్చినవాళ్లను మీరే అడుగుదురుగాని.’’

కృపాకుమారి అందరికీ టీ తెచ్చింది. కదిరప్ప భార్య పక్కన బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

‘‘మీ నాయన తన్నినాడా, మరి?’’

‘‘యాడ! ఆయప్ప కూడా నీళ్లల్లోకి దుమికె.’’

‘‘ఊఁ... ఆ తర్వాత?’’

నల్లమ్మ చెబుతూనే ఉంది. చేతుల్లో టీ చల్లారిపోతున్నా, ఇద్దరిలో ఒక్కరూ చూసుకోలేదు.