పొద్దుండగానే అన్నం

ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నాం. రెడ్డిగూడెం నుంచి మా చుట్టాలు బస్సు మీద వేసి పంపిన కాయలు. పొద్దున్నే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టాం. మా అత్తగారు పెద్ద కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా టకటకా కొట్టేస్తున్నారు. ఆవిడకి అప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. నాకు నలభై దాటాయి, అంతే. ఆవిడ కొట్టిన ముక్కల్ని నేను గుడ్డతో తుడుస్తున్నాను. ఆ తుడవడానికే నాకు ఆయాసం వస్తోంది.

ఆవపిండి జల్లిస్తుంటే తల వెనక బరువెక్కింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ముక్కులోంచి వెచ్చగా ఏదో కారింది. ఘాటుకి ముక్కు కారుతోందనుకుని కొంగుతో తుడుచుకున్నాను. చూస్తే కొంగు ఎర్రగా ఉంది.

"ఘాటుకొచ్చిందిలేవే రాజ్యం. కాసేపు తల ఎత్తి పడుకో," అన్నారు అత్తగారు, చేతిలో కాయ కింద పెట్టకుండానే.

నేను పడుకున్నాను. ఆవిడ మిగిలిన కాయలన్నీ కొట్టి, కలిపి, జాడీలకెత్తి, చేతులు కడుక్కుని, "పొలం దాకా వెళ్ళొస్తా" అని చెప్పులేసుకుని బయల్దేరారు. మా పొలం తిరువూరు దాటాక మైలు పైనే ఉంటుంది. మంచం మీంచి ఆ నడక చూశాను. వీపు నిటారుగా, చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోతున్నారు. నిజం చెప్తున్నాను, ఆ నిమిషాన నా ముక్కు సంగతే నాకు గుర్తులేదు. ఒళ్ళు మండిపోయింది. కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టి ఇక్కడ రాయలేను.

వారం తిరక్కుండానే మళ్ళీ ముక్కులోంచి రక్తం కారింది. అప్పుడిక ఆవపిండి ఘాటు లేదు కదా. మా ఆయనకి బజార్లో ఎరువుల కొట్టు. సీజను రోజులు, ఆయనకి కదలడానికి లేదు. అత్తగారిని తోడిచ్చి డాక్టరు దగ్గరికి పంపారు.

డాక్టరుగారు నా దండచేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం వంక చూసి, మళ్ళీ కొట్టి చూశారు. "రెండొందలు దాటిందమ్మా పైది. ఇన్నాళ్ళూ ఎలా తిరుగుతున్నారు మీరు? దీన్ని హై బ్లడ్ ప్రెషర్ అంటారు. తలనొప్పి ఉండేదా?"

"ఉండేదండి. ఆడవాళ్ళకి తలనొప్పి లేందెప్పుడు?"

ఆయన నవ్వి, ఊరికే ఉండకుండా పక్కన కూర్చున్న మా అత్తగారికి కూడా ఆ పట్టీ చుట్టారు. "నూట ఇరవై, ఎనభై. పాతికేళ్ళ పిల్లకి ఉన్నట్టుంది! పెద్దమ్మగారూ, మీ కోడలికి కాస్త ఆరోగ్యం అప్పివ్వండి."

"అంటే మంచిదేనా బాబూ?" అంటూ ఆవిడ పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. అన్నీ ఉన్నాయి మరి. చెరుకు గడ ఇస్తే ఇప్పటికీ పంటితోనే చీల్చేస్తారు. నాకేమో అప్పటికే రెండు దవడ పళ్ళు పీకించారు. కాంపౌండరుతో సహా అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

విజయవాడ పంపి ఈసీజీ, ఎక్స్‌రే, యూరిన్ టెస్టు, బ్లడ్ టెస్టు అన్నీ చేయించారు. గుండె కొంచెం పెరిగింది, కిడ్నీలు ఇంకా బాగానే ఉన్నాయి అన్నారు. బిళ్ళలు రాశారు. అందులో ఒకటి నీరు తీసే బిళ్ళ. అది వేసుకుంటే పూటంతా దొడ్డి వైపు పరుగే. కాగితాలు చూసి తిరువూరు డాక్టరుగారు చెప్పిన మాట మాత్రం నా గుండెల్లో ముల్లులా దిగింది.

"ఉప్పు మానెయ్యండి. రోజూ నడవండి. పెందలాడే తిని పెందలాడే పడుకోండి. అంత ఆలోచన ఎందుకు, మీ అత్తగారు ఎలా ఉంటారో చూసి అలా ఉండండి చాలు."

ఎంత మాట! పెళ్ళయి కాపరానికొచ్చిన నాటి నుంచి ఆవిడలా ఉండు, ఆవిడలా వండు అని వింటూనే ఉన్నాను. ఇప్పుడు డాక్టరు కూడానా!

అయినా ప్రాణం తీపి కదా. ఆవిణ్ణి కనిపెట్టి చూడ్డం మొదలుపెట్టాను. ఎండ తగ్గుతుండగానే కంచం ముందు కూర్చుంటారు. జొన్నన్నమో, దంపుడు బియ్యం అన్నమో, ఏదో ఒక ఆకుకూర, మజ్జిగ. కడుపునిండా తినరు, ఇంకాస్త పట్టేలా ఉండగానే లేస్తారు. ఆవకాయ పెట్టేది ఆవిడే, నాలుక్కి రాసుకునేది లేదు. దీపాలు పెట్టాక ఇంకో గంట కూర్చుంటే ఎక్కువ, ఆ తర్వాత గుర్రే. కోడి కూసేసరికి లేచి పొలం. ఆవిడ గుర్రు వింటూ, వంటింటి గడప మీద మా ఆయన కోసం కూర్చుని ఉండేదాన్ని. కొట్టు కట్టేసి, లెక్కలు చూసుకుని, నలుగురితో మాట్లాడి ఆయన వచ్చేసరికి బజారంతా సద్దుమణిగేది. ఆయన తిన్నాక నేను తినాలి. అప్పటికి ఆకలి చచ్చి, నీరసమొచ్చి, ఆ చల్లారిన అన్నం గబగబా మింగి అలాగే వాలిపోయేదాన్ని.

కూరలో ఉప్పు మాత్రం మానేశాను. నాకు విడిగా చప్పిడి కూర తీసి పెట్టుకునేదాన్ని. ఆ చప్పిడి ముద్ద గొంతు దిగితేనా! పక్కన ఇంత ఆవకాయ వేసుకునేదాన్ని. కూర ఎంత చప్పగా ఉంటే ఆవకాయ అంత ఎక్కువ పట్టేది. పచ్చడి వేరు, ఉప్పు వేరు అని నా లెక్క. నెల దాటినా బీపీ దిగలేదు. డాక్టరుగారు బిళ్ళలు పెంచారు. నేను ఉప్పు మానేశానని ఒట్టేసి చెప్పాను. ఆయన నమ్మారు. నేనూ నమ్మాను.

ఒకరోజు పొద్దున కాఫీ తాగుతుంటే మూతి పక్కనుంచి కారిపోయింది. గ్లాసు చేతిలో నిలవలేదు. మా అమ్మాయి ఉమ ఇంటర్మీడియట్ చదువుతోంది అప్పుడు. నా ముఖం చూసి, "అమ్మా, మూతి అలా పెట్టకే, భయమేస్తోంది" అంది. నేను పెట్టడం లేదు తల్లీ అందామంటే మాట ముద్దముద్దగా వచ్చింది.

టాక్సీ కట్టించుకుని విజయవాడ తీసుకెళ్ళారు. మైనర్ స్ట్రోక్ అన్నారు. అక్కడి పెద్ద డాక్టరుగారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏమేం తింటావని ఒక్కొక్కటీ అడిగారు.

"చప్పిడి కూరండి."

"మరి చప్పిడి కూరతో అన్నం ఎలా తిన్నావమ్మా?"

"ఆవకాయ నంజుకుని."

"ఆవకాయలో ఏమేస్తారు?"

"ఉప్పు..." అని ఆగిపోయాను. మొదట నోట్లోంచి వచ్చిందే అది.

"ఈసారి మూతి వంకరపోయి ఊరుకుంది. ఇంకోసారి వస్తే ఒక పక్కంతా పడిపోవచ్చు, మనిషే దక్కకపోవచ్చు. నేను బెదిరించడం లేదు. ఉన్న మాట చెప్తున్నాను," అన్నారు డాక్టరుగారు.

ఆసుపత్రి మంచం మీద పడుకుని నేను దేవుణ్ణి తలుచుకోలేదు. మా అత్తగారినే తలుచుకున్నాను. నేను పోతే నా వంటింట్లో ఆవిడే ఉంటారు. నా పిల్లకి ఆవిడే జడ వేస్తారు. నా దినానికి గారెలు కూడా ఆవిడే వండుతారు, చేతులు వణక్కుండా. ఇదెక్కడి న్యాయం అని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. నర్సమ్మ వచ్చి, ఏడిస్తే ప్రెషర్ పెరుగుతుందని కసిరింది.

ఇంటికొచ్చాక రెండో రోజో మూడో రోజో, అత్తగారు నా మంచం దగ్గర కూర్చుని, "నా మాట వింటే కదా నువ్వు. నాలాగా పెందలాడే తిని నడుం వాల్చవే అని ఎన్నిసార్లు చెప్పాను" అన్నారు.

ఇక ఆగలేదు నేను.

"మీలాగా ఉండాలంటే నాక్కూడా ఒక కోడలుండాలి అత్తయ్యా! పొద్దుండగానే మీకు కంచం పెట్టేదెవరు? పొలం నుంచి వచ్చేసరికి వేణ్ణీళ్ళు కాచేదెవరు? మీరు హాయిగా గుర్రు పెడుతుంటే మీ అబ్బాయి కోసం గడప మీద కూర్చునేదెవరు? మీ ఆరోగ్యమంతా నా ఒంట్లోంచి లాక్కున్నదే!"

మాట ఇంకా తడబడుతూనే ఉంది నాకు. ఈ మాటలు మాత్రం ఎక్కడా తడబడలేదు. ఉమ పుస్తకం మూసేసి గోడ వంక చూస్తూ కూర్చుంది. అత్తగారు లేచి గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ పూట నాతో మాట్లాడలేదు. సరే, మాట్లాడకపోతే పీడా పోయె అనుకున్నాను గానీ లోపల్లోపల భయమే.

మర్నాడు సాయంత్రం పెరట్లో ఇంకా ఎండ ఉండగానే వంటింట్లో గిన్నెల చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, రెండు పీటలు వాల్చి, రెండు కంచాలు పెట్టారు.

"కూర్చో."

"ఆయన రాలేదు కదత్తయ్యా."

"వాడొస్తే వాడికి నేను పెడతా. నేను కన్న కొడుకేగా. నువ్వు కూర్చో."

కూర్చున్నాను. జొన్నన్నం, తోటకూర, నిమ్మకాయ పిండిన పప్పు. ఎక్కడా ఉప్పు లేదు, అయినా వేడిగా ఉంది. మా పెళ్ళయ్యాక రాత్రన్నం వేడిగా తినడం అదే మొదలు. ఆవిడ రెండు ముద్దలు తిని ఆగారు.

"నన్ను చూసి ఏడుస్తున్నావు కదా రాజ్యం. దేన్ని చూసి ఏడుస్తున్నావో తెలుసా నీకు?"

నేను పప్పు కలుపుతూ కూర్చున్నాను.

"నువ్వు కాపరానికి రాకముందు, మీ మామగారున్నన్నాళ్ళూ నేనూ నీలాగే గడప పట్టుకుని కూర్చున్నా. ఆయన పేకాట అయ్యేదెప్పుడు, వచ్చేదెప్పుడు! ఆయన తిన్నాక ఆ చల్లటన్నంలో ఇంత పచ్చడేసుకుని తినేదాన్ని. నాకూ తలనొప్పులే. తలకి గుడ్డ కట్టుకుని తిరిగేదాన్ని. ఆయన పోయాక ఇంకెవరి కోసం కూర్చోను? దీపం పెట్టాక ఒక్కదాన్నీ కంచం ముందు కూర్చోలేక, వెలుగుండగానే తినేసేదాన్ని. ఆయనకి ప్రాణమని ఆవకాయ ముట్టడం మానేశా. చేను చూసే దిక్కులేక నడిచా. డాక్టరు నన్ను మెచ్చుకుంటుంటే ఏమనాలో తెలీక నవ్వా. ఇదంతా బొట్టు పోయాక నేర్చుకున్నానే. నువ్వు బొట్టు ఉండగానే నేర్చుకో."

ఇన్నేళ్ళూ దేన్ని చూసి కుళ్ళుకున్నానో అప్పటిగ్గాని తెలియలేదు. దాంతో నా కుళ్ళు పోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. పోలేదు. అంత పోగొట్టుకుని కూడా ఈవిడ ఇంత గట్టిగా ఎలా నిలబడింది, నేనైతే నిలబడగలనా అని ఇంకాస్త పెరిగింది.

ఆ రాత్రి మంచం మీంచి వింటున్నాను, మా ఆయన వచ్చి, "అది తిందా?" అన్నారు.

"తింది."

"నేను రాకుండానే?"

"నీ కోసం కూర్చునే పోబోయిందిరా. పోయాక ఎటూ కూర్చోదు. నువ్వు తిను."

ఆయన కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగారు. మా ఇంటా వంటా లేదు ఈ పద్ధతి అన్నారు. కొట్లో పనున్నా లేకపోయినా ఆలస్యం చేసి చూశారు. వీధిలో వాళ్ళు, మొగుడి కంటే ముందే కంచం కడిగేసే మహారాణి అని నాకు పేరు పెట్టారు. కుళ్ళు వాళ్ళకి కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పొద్దున్నే అత్తగారి వెనక పొలానికి నడవడం మొదలుపెట్టాను. మొదట్లో మా వీధి చివర కల్వర్టు మీద కూలబడేదాన్ని. ఒక్కసారైనా ఆవిణ్ణి దాటాలని పంతం. ఇవాళ్టికీ దాటలేదు. బీపీ మెల్లమెల్లగా దిగింది. పైది నూటయాభై దగ్గరికొచ్చాక డాక్టరుగారు, "ఏం చేశారమ్మా మీరు?" అని అడిగారు. "మీరు చెప్పినట్టే మా అత్తగారిని చూసి కుళ్ళుకున్నానండి" అన్నాను. బిళ్ళలు మానెయ్యొచ్చా అంటే, ఆ ఒక్కటీ అడక్కండి, బాగుంటే బిళ్ళల వల్లే బాగున్నారనుకోండి అన్నారు. అందుకని రోజూ వేసుకుంటూనే ఉన్నాను. మూతి సర్దుకుంది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం చలికాలంలో ఇప్పటికీ కాస్త మొద్దుబారతాయి.

మొన్న ఉమని చూసుకోవడానికి విస్సన్నపేట నుంచి వచ్చారు. పిల్ల నచ్చింది. మాటలన్నీ అయ్యాక మా ఆయన వచ్చిన మగవాళ్ళని కొట్టు చూపిస్తానని బజారు తీసుకెళ్ళారు. పెళ్ళికొడుకు తల్లి, నేను మిగిలాం. నేను దాచుకోకుండా చెప్పేశాను. "వదినగారూ, మా పిల్లకి వంటొచ్చు, పనొచ్చు. ఒక్కటే. పొద్దుండగా అన్నం తినేస్తుంది. మీ అబ్బాయి పెందలాడే వస్తే కలిసి తింటారు, లేకపోతే దాని దారి దానిదే. ఇది మీకు కుదరదంటే ఇప్పుడే చెప్పండి."

ఆవిడ ముఖం మాడిపోయింది. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను. కాసేపటికి ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"నాకూ ఈమధ్య తల తిరుగుతోందండి. మీరేం మందు వాడుతున్నారు?"

నేను ఆవిడకి చెప్పింది ఇదే, ఇది చదివే మీకు చెప్పేదీ ఇదే. ముందు డాక్టరు దగ్గర బీపీ చూపించుకోండి, ఇచ్చిన బిళ్ళ మానకండి. పచ్చట్లో ఉన్నది కూడా ఉప్పే. ఇంట్లో ఎవరు వచ్చినా రాకపోయినా, వెలుగుండగానే మీ అన్నం మీరు పెట్టుకుని వేడిగా తినండి.

ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూశారు. ఆ చూపు నాకు తెలియనిది కాదు. ఎన్నేళ్ళో అలాగే చూశాను నేను.

"మరి అన్నయ్యగారు ఏమీ అనరా?" అని అడిగారు.

"ఎందుకనరు వదినగారూ, అనాల్సినవన్నీ అన్నారు. ఆయన అనడం అయిపోయింది. నేనింకా ఉన్నాను," అన్నాను.