ముందు పలికిన పోర్టు

మా వదిన వేళ్ళు దాటి ఒక్క అచ్చుతప్పు కూడా బయటికి పోలేదని మా ప్రెస్సులో చెప్పుకుంటారు. అందులో కాస్త అతిశయం ఉంది, ఒకటో రెండో పోయే ఉంటాయి. కానీ బ్రెయిలీ పుస్తకాలు వేసే ఆ ప్రెస్సులో పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నది ఆవిడే. పుట్టుకతోనే చూపు లేదు. నేను అక్కడే కంప్యూటర్లు బాగుచేస్తాను. ఇంట్లో ఆవిడకి మరిదిని, ప్రెస్సులో ఆవిడ తిట్లకి మొదటి హక్కుదారుని.

ఆవిడ బల్ల మీద కంప్యూటరు ముందు ఒక పొడవాటి పలక ఉంటుంది. తెర మీదున్న వరుస దాని మీద సన్నటి చుక్కలుగా పైకి లేస్తుంది. వదిన వాటిని తడుముతూ చదువుతుంటే, మేమంతా పంతులమ్మ అని పిలిచే రిటైరైన టీచరు పక్కన కూర్చుని మూలప్రతిని పైకి చదువుతుంది. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పలకాలి. ఏదైనా మింగేస్తే వదిన ఊరుకోదు. "ఉండాల్సింది కాదండీ, ఉన్నది చదవండి," అంటుంది.

ఆ సోమవారం కొత్త కంప్యూటరు వచ్చింది. దానికి పలక తీగ పట్టే పాతకాలపు పోర్టు లేదు. పలక తీగను యూఎస్‌బీ సాకెట్లో పెట్టడానికి వీలుగా ఒక చిన్న కన్వర్టరు కొన్నాను. పక్కగదిలో పార్సిళ్ళు తూచే యంత్రం తీగ కూడా ఈ కంప్యూటరుకే తగలాలి, దానిదీ అదే అవస్థ కాబట్టి, దానికీ అదే షాపులో అదే రకం కొన్నాను. పలకను నా బల్ల దగ్గర తగిలించి చూశాను, భేషుగ్గా పనిచేసింది. రెండింటినీ వదిన కంప్యూటరుకి కలిపి, చేతులు దులుపుకున్నాను.

మర్నాడు పొద్దున పలక మీద ఒక్క చుక్క లేవలేదు.

మూడు రోజులు తంటాలు పడ్డాను. చివరికి మేనేజరు దగ్గరికెళ్ళి పలక ముసలిదైపోయిందని చెప్పేశాను. ఆయన లెక్క ఆయనది: కొత్త పలక కొనడం కుదరదు, శుక్రవారం మధ్యాహ్నానికి ఇది పనిచేయకపోతే వదినను కుట్టు విభాగానికి మార్చేస్తారు. అక్కడ పని కాగితాలు మడతపెట్టడం. చదివే పనే ఉండదు.

ఇంట్లో వదిన ఆ మాటే ఎత్తలేదు. అన్నం దగ్గర నాకు ఇంకొంచెం వడ్డించింది.

శుక్రవారం పొద్దున వదిన తన కుర్చీ నా పక్కకి లాక్కుంది.

"కంప్యూటరు ఏమంటోందో పైకి చదువు," అంది.

"అదంతా మీకెందుకు వదినా, అర్థంకాని గోల."

"అర్థం సంగతి తర్వాత. చదువు."

కంప్యూటరు లేచినప్పుడు తనకి ఏమేం తగిలించారో వెతుక్కుని ఒక చిట్టా రాసుకుంటుంది. దొరికిన ప్రతి పోర్టుకీ ఒక పేరు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రామైనా ఆ పేరుతోనే దానితో మాట్లాడాలి. ఆ చిట్టాయే చదవడం మొదలుపెట్టాను.

"కన్వర్టరు దొరికింది. ఇంకో కన్వర్టరు దొరికింది. రెండూ ఒకటే, అదే కంపెనీ, అదే నంబరు..."

"నేను అడిగింది ఉన్నది చదవమని. రెండో వరుస ఎందుకు మింగావు?"

విసుక్కుంటూనే అక్షరం అక్షరం చదివాను. మొదటి వరుస చివర సున్నా ఉంది. రెండో వరుస చివర ఒకటి ఉంది.

"అయితే రెండూ ఒకటి కాదుగా," అంది వదిన. "నాది ఏది?"

"సున్నా."

"ఎలా తెలుసు?"

నా బల్ల దగ్గర సున్నా అని చూసి, పలకకి వరుసలు పంపే ప్రోగ్రాములో అదే రాశాను. అక్కడ పలక ఒక్కటే ఉంది, ఇక దానికి సున్నా కాక ఏమొస్తుంది! లేచి పలక తీగ పీకాను. చిట్టాలో కొత్త వరుస పడింది: ఒకటో నంబరు కన్వర్టరు తెగిపోయింది.

కంప్యూటరు లేచినప్పుడు ముందు పలికినదానికి సున్నా, తర్వాత పలికినదానికి ఒకటి. తూకం యంత్రం ముందు పలికి సున్నా పట్టుకుపోయింది. మేం పంపిన వరుసలన్నీ మూడు రోజులుగా దానికే వెళ్తున్నాయి.

"అందుకేనా అది ఊరికే కీచుమంటోంది?" అన్నాడు పక్కగదిలోంచి మూటల మావయ్య. పార్సిళ్ళు కట్టేది ఆయనే. "మంగళవారం నుంచీ అరుస్తోంది. నాకెవడు చెప్పాడు?"

నాకు మీరెందుకు చెప్పలేదని అరవబోయి, అడగనివాణ్ణి నేనే కాబట్టి కంప్యూటరు వైపు తిరిగాను. పలకకు నంబరుతో పని లేకుండా చేశాను: ఫలానా సాకెట్లో ఉన్నదాన్ని ఎప్పుడు పలికినా వదిన పలక అనే పిలవాలని కంప్యూటరుకి రాసిపెట్టాను. ఆపి మళ్ళీ వేశాను. చుక్కలు బిలబిలమని లేచాయి. ఇంకో రెండుసార్లు ఆపి వేశాను, రెండుసార్లూ లేచాయి. హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం మేనేజరు బదిలీ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. వదిన వేళ్ళు పలక మీద ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి. ఆయన కాసేపు నిలబడి చూశారు. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని వెళ్ళిపోయారు.

"ఆయన వెళ్ళిపోయారు వదినా," అన్నాను సంబరంగా. "ఎన్ని పేజీలయ్యాయి?"

"ఒక్క వరుస కూడా కాలేదు," అంది వదిన. "ఆయన అడుగుల చప్పుడు వినగానే చేతులు వణకడం మొదలైంది. వణికితే చుక్కలు తెలియవు. ఊరికే అటూ ఇటూ ఆడించాను."

ఆవిడ భయపడుతుందని పంతొమ్మిదేళ్ళలో నాకు ఎప్పుడూ తోచలేదు. పంతులమ్మ మూలప్రతి మొదటి పేజీకి తిప్పింది. వదిన రెండు చేతులూ చీరకు తుడుచుకుని పలక మీద పెట్టింది.

"ఇప్పుడు చదవండి," అంది.