ఆదోనిలో గది అడిగినప్పుడు

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, హాస్టల్లో సీటు రాకపోతే ఏం చేయాలి, గది వెతికేటప్పుడు ఏం చూసుకోవాలి అని. నీళ్లు ఎప్పుడొస్తాయో అడగండి, తలుపు గడియ పడుతుందో లేదో చూసుకోండి, ఇంటివాళ్లు మరీ ఎక్కువ ప్రశ్నలు వేస్తే మీరే లేచి వచ్చేయండి అంటాను. నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పను.

డెబ్బైల చివర్లో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి డిగ్రీ చదవడానికి వెళ్లాను. మాది మగ్గం ఇల్లు. మా వీధిలో పదో తరగతి దాటిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆడపిల్లల హాస్టలంటే అప్పట్లో ఒక పాత ఇల్లు, పన్నెండు మంచాలు. ఫలానా సోమవారం మధ్యాహ్నం లోపల వచ్చి సంతకం పెట్టినవాళ్లకే మంచం అని ముందే చెప్పారు.

ఆ సోమవారం పొద్దున అమ్మా నేనూ అచ్చు అతుకుతున్నాం. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని చేసే పని, పోగులేమో వేలల్లో ఉంటాయి. మొదలుపెట్టాక మధ్యలో లేవకూడదని మా ఇంట్లో పట్టింపు. బస్సుకు ఇంకా టైముందిలే అనుకున్నాను. ఇంకో వంద పోగులు, ఆ తర్వాత ఇంకో వంద. వేరే ఇంటి పిల్లయితే చేతులు కడుక్కుని పోయేది. నేను లేవలేదు. ఆదోనిలో బస్సు దిగి పరుగెత్తేసరికి పన్నెండు మంచాలూ నిండిపోయాయి. గుమాస్తా నా బూడిద వేళ్లు చూసి, ఎమ్మిగనూరు ఎంత దూరమని, రోజూ వచ్చిపోరాదా అన్నాడు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆ తప్పుకు చదువు మానేసే రకాన్ని మాత్రం కాను.

రెండు వారాలు బస్సులో తిరిగాను. అది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చినా పత్తి మార్కెట్టుకు పోయే జనంతో కాలు పెట్టే చోటుండేది కాదు. మొదటి క్లాసు దాదాపు రోజూ పోయేది. సాయంత్రం ఇల్లు చేరితే అక్కడ రాట్నం. కండెలు చుట్టమని అమ్మ అడగకపోయినా నేనే కూర్చునేదాన్ని, ఊరికే కూర్చోవడం మగ్గం ఇళ్లలో ఎవరికీ చేతకాదు. ఇలాగైతే ఏడాది తిరిగేలోపు నేను మగ్గం దగ్గరే తేలతానని అర్థమైపోయింది. ఆదోనిలో గది దొరికితే చదువు ఉంటుంది, లేకపోతే ఉండదు.

ఒక ఆదివారం ఒక్కదాన్నే వెతకడానికి బయల్దేరాను. మొదటి ఇంటావిడ గుమ్మంలోనే నిలబెట్టి ఏ కులమని అడిగింది. చెప్పాను. మాంసం తింటారా అంది. దొరికితే తింటామన్నాను. తలుపు మూసింది. రెండో ఇంటి పెద్దాయన మా నాయన ఎందుకు రాలేదన్నాడు. మగ్గం మీద ఉన్నాడంటే, మగదిక్కు లేకుండా వస్తే గది ఇవ్వమన్నాడు. చదివేది నేను కదా అన్నాను. ఎదురు మాట్లాడే పిల్లకు ఈ ఊళ్లో ఎవరూ ఇవ్వరు పొమ్మన్నాడు. మూడో ఇంట్లో అంతా బాగానే సాగి, చివరికి నెలలో ఆ మూడు రోజులు ఎక్కడుంటావని అడిగారు. అప్పటికి ఒళ్లు మండిపోయింది. మీ కూతుళ్లు ఎక్కడుంటే అక్కడే అని చెప్పి, వాళ్లు వద్దనే లోపలే మెట్లు దిగాను.

నాలుగో ఇల్లు పరుపులు కుట్టే ఒక ముస్లిం ఆమెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. వాకిట్లో కూర్చుని దబ్బనంతో పరుపు అంచు కుడుతోంది, జుట్టు నిండా దూది. ఆమె నోరు తెరవకముందే నేనే అందుకున్నాను. కులం ఇది, మాంసం తింటాను, నాయన రాడు, ఆ మూడు రోజులూ గదిలోనే ఉంటాను. కొట్లాటకు వచ్చినట్టే చెప్పాను. ఆమె కుట్టు ఆపకుండా అంతా విన్నది.

"నీళ్లు దినం ఇడిసి దినం వస్తాయి, తెల్లారుజామున. లేసి పట్టుకుంటే ఉంటాయి, లేకుంటే లేదు. అది సెప్పు బేటీ, లేస్తావా?"

లేస్తానన్నాను. వారం తిరక్కుండానే ఆమెను ఖాలా అని, వాళ్ల మాటలో పిన్నమ్మా అని, పిలవడం అలవాటైంది. నా జడలో దూది చూసి క్లాసులో ఆటపట్టించేవాళ్లు. దులుపుకునేదాన్ని కాదు. ఆదివారాలు మాత్రం ఇంటికి పోయి మగ్గం పనిలో చేయి వేసేదాన్ని.

ఈ సంగతి ఊరు చేరడానికి నెల పట్టింది. మా కులపెద్ద నాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. గడప తొక్కలేదు, వీధిలోనే నిలబడ్డాడు. సాయిబుల ఇంట్లో మన పిల్ల ఉండేది ఎక్కడన్నా ఉందా, ఇప్పుడే పెట్టె సర్దమన్నాడు. లేదంటే ఇక మా ఇంటికి పెళ్లికీ పేరంటానికీ పిలుపు రాదన్నాడు. ఆయన ముందు నాయన గొంతెత్తగా నేనెప్పుడూ చూడలేదు. కులపెద్ద మాట కాదనగలను. నాయన రమ్మంటే ఏం చేయాలో నాకే తెలియదు. అయినా అన్నాను.

"నేను రాను. పిలుపు రాకుంటే మానె. మూడిండ్లోళ్లు నన్ను బయట నిలబెట్టినప్పుడు మీరు యాడున్నారు?"

కులపెద్ద నాయన వైపు చూశాడు. నాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గది అంతా చూశాడు. తలుపు వేసి, గడియ పెట్టి తీసి చూశాడు. ఖాలా వైపు తిరిగి, నీళ్లు ఎప్పుడొస్తాయమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. అప్పుడు నాతో అన్నాడు.

"ఆదివారం గూడ పనికని రావద్దు. అచ్చు మేమే అతుక్కుంటాము."

కులపెద్ద ఒక్కడే బస్టాండుకు నడిచాడు.

ఆయన అన్నంత పనీ చేశాడు. రెండేళ్లు మా గడపకు ఒక్క శుభలేఖ రాలేదు. సొంత తమ్ముడి ఇంట్లో పెళ్లి మేళం వినిపిస్తుంటే అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. అది నా వల్లే. తెలిసి కూడా నేను గది వదల్లేదు, దానికి ఇప్పటికీ క్షమాపణ చెప్పను.

మూడో ఏడాది మొదట్లో, ఒక మధ్యాహ్నం ఖాలా వాకిట్లో మళ్లీ ఆ కులపెద్దే. పక్కన మనవరాలు, చేతిలో రేకు పెట్టె. కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో మంచం రాలేదు. ఊరంతా తిరిగినట్టున్నారు, పిల్ల ముఖం వాడిపోయింది. ఖాలా కుట్టు మీద నుంచి తలెత్తి, గది నీది, నీ ఇష్టం అంది.

ఆ ప్రశ్నలన్నీ నా దగ్గర రెండేళ్లుగా భద్రంగా ఉన్నాయి. గుమ్మంలో నిలబడి అడిగాను. ఏ కులమన్నాను, మాదే అని తెలిసి కూడా. ఏం తింటుందన్నాను. వాళ్ల నాయన ఎందుకు రాలేదన్నాను. ఆయన తల వంచుకుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. చివరి ప్రశ్న, ఆ మూడు రోజులది, నోటిదాకా వచ్చింది. మనవరాలి ముఖం చూసి మింగేశాను. ఆయన కోసం కాదు.

పిల్ల చేతిలోని పెట్టె తీసుకుని నా పెట్టె పక్కన పెట్టాను. నీళ్లు తెల్లారుజామున వస్తాయి, లేవాలి అని చెప్పాను. తలూపింది. ఖాలా చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకు అందించబోయింది. ఆయన వీధిలో నుంచే చేయి చాచాడు. చెంబు నేను తీసుకున్నాను.

"లోపలికొచ్చి కూసుని తాగు పెద్దాయనా. అట్లయితేనే పిల్ల ఈడుంటాది."

ఆయన చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత చెప్పులు విడిచాడు.