సోమమ్మ కూతకు పోయిన రోజు

సోమమ్మకు యాభై ఇంకా నిండలేదు. నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అటెండరు. తాళాలు తీయడం, గంట కొట్టడం, స్టాఫ్ రూముకు చాయ్ తీసుకుపోవడం ఆమె పని. కుదురుగా కూర్చోవడం మాత్రం చేతకాదు. పని లేనప్పుడు కూడా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంటుంది.

జుట్టుకు రంగు మానేసింది ఇష్టంతో కాదు. పిల్లలు బడికి పోయే రోజుల్లోనే తల నెరవడం మొదలైంది. అప్పటి నుంచి ప్యాకెట్ రంగు కలుపుకొని పూసుకుంటూనే ఉంది. పోయిన ఎండాకాలం రంగు వేసుకున్న మరునాడు నుదురంతా దద్దుర్లు లేచి, కళ్లు తెరవలేనంతగా వాచాయి. దవాఖానలో డాక్టరు, మళ్లీ పూస్తే కళ్లకే ముప్పు అన్నాడు. అయినా ఊరుకోక నల్ల మెహందీ తెచ్చి ప్రయత్నించింది. అదే దురద, అదే మంట. ఇక వదిలేసింది.

వానాకాలం అయ్యేసరికి కుదుళ్ల దగ్గర బెత్తెడు తెలుపు, కింద నలుపు. చలికాలంలో ఒక పొద్దున విసుగొచ్చి, కత్తెర తీసుకొని నల్లగా మిగిలినదంతా తానే పొట్టిగా కత్తిరించేసుకుంది. అద్దంలో చూసుకుంటే బాగానే అనిపించింది. వాళ్ల నాయిన తల కూడా ఇట్లాగే దూదిలా ఉండేది.

బాగా లేనిది బయట. బస్సెక్కితే "అక్కా, జరుగు" అనే కండక్టరు ఇప్పుడు "అవ్వా, పైలం" అంటున్నాడు. కాలేజీ పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే అక్క నుంచి అవ్వకు మారిపోయారు. పిలుపులకైనా ఓర్చుకునేది. స్టాఫ్ రూములో చాయ్ అందిస్తుంటే గ్లాసు అందుకునే చెయ్యి కనబడేది గాని ముఖం ఆమె వైపు తిరిగేది కాదు. ఆమె అక్కడ లేనట్టే మాట్లాడుకునేవాళ్లు. ఇదివరకు "సోమక్కా, గీ చీర యాడ కొన్నవ్?" అని అడిగే ఆఫీసు క్లర్కు యాస్మిన్ కూడా ఇప్పుడు చీర సంగతి ఎత్తడం మానేసింది.

మాఘమాసంలో దేవరకొండలో చుట్టాల పెళ్లికి పోయారు. భర్త కాటమయ్యకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. ఆయన మీసాలకు, తలకు వారం తప్పకుండా రంగు వేస్తాడు. భోజనాల దగ్గర పెళ్లికొడుకు తరఫు మనిషి ఒకాయన కాటమయ్యను పలకరించి, పక్కనున్న సోమమ్మను చూపిస్తూ, "మీ పెద్దక్కనా?" అన్నాడు. కాటమయ్య నవ్వి, "ఔ, అక్కనే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సోమమ్మ విస్తరి సగంలో వదిలి లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగింది. "గట్లెందుకన్నవ్?"

"మజాక్ చేసిన. దానికేమైతది?"

"నీకు మజాకే. నేను నీకన్నా చిన్నదాన్ని."

"అందరికి ఎరుకే గద" అని కాటమయ్య ఫోను తీశాడు.

కిటికీ అవతల పత్తి ఏరేసి ఎండి నల్లబడిన చేలు వెనక్కి పోతున్నాయి. ఆమెకు సీటులో కూర్చోబుద్ధి కాలేదు. నల్గొండలో తాము దిగాల్సిన స్టాపు ఇంకా రాకముందే లేచి దిగిపోయింది. కాటమయ్య పిలుస్తున్నా వినకుండా ఎండలో ఇంటిదాకా నడిచింది.

మార్చిలో మహిళా దినోత్సవానికి కాలేజీలో ఆడ సిబ్బందికి ఆటలు పెట్టారు. ఆటల మేడం హరిత. చిన్న వయసు, మంచి పిల్ల. పేర్లు రాసుకుంటూ వచ్చి సోమమ్మతో, "నువ్వు నీళ్ల సీసల కాడ కూసో అమ్మా. ఎండల పరేషాన్ కాకు" అన్నది.

"కబడ్డీ ఉందా?"

"ఉంది. లెక్చరర్లు ఒక దిక్కు, ఆఫీసోళ్లు ఒక దిక్కు."

"నేను ఆఫీసోళ్ల దిక్కు ఆడుత."

హరిత పెన్ను ఆపింది. "మోకాళ్లు పోతయమ్మా."

"నా మోకాళ్లు నాకెరుక. పేరు రాయి."

దేవరకొండ హైస్కూల్లో చదివేటప్పుడు సోమమ్మ కూతకు పోతే ఊరికే వచ్చేది కాదు. జట్టుతో పాలమూరు దాకా పోయి ఆడి వచ్చింది. పదో తరగతి కాగానే పెళ్లయింది. ఆ తర్వాత ఆ ముచ్చట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ రోజు కొంగు బొడ్లో చెక్కుకొని, చెప్పులు విడిచి, మొదటిసారి కూతకు పోయింది. అవతల ఉన్నవాళ్లంతా పాతికేళ్లు, ముప్పైయేళ్ల లెక్చరర్లు. ఆమె కూత పెడుతూ వాళ్ల చివరి గీత దాకా పోయినా ఒక్క చెయ్యీ లేవలేదు. కామర్స్ చెప్పే మమత నవ్వుతూ పక్కకు జరిగి దారి కూడా ఇచ్చింది. సోమమ్మ ఉత్త చేతులతో తిరిగి వస్తే ఇవతలి వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆమెకు ఒళ్లు మండింది. పెళ్లిలో నవ్విన నవ్వుకూ దీనికీ తేడా కనబడలేదు.

రెండోసారి నవ్వు ముఖం పెట్టుకొని పోయింది. మమత మళ్లీ దారి ఇవ్వబోయింది. సోమమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసినట్టే వేసి, గిర్రున తిరిగి మమత భుజం మీద గట్టిగా చరిచి, గీత దాటి వచ్చేసింది. హరిత విజిల్ వేసింది. మమత భుజం రుద్దుకుంటూ బయటికి పోయింది. గ్రౌండు చుట్టూ ఉన్న పిల్లలు ఫోన్లు దించి చూడటం మొదలుపెట్టారు.

వాళ్లకు ఒక పాయింటు వచ్చి, మమత మళ్లీ లోపలికి వచ్చాక సోమమ్మ మూడోసారి పోయింది.

"ఇగ ఇడ్వకుర్రి. పట్టుర్రి" అన్నది మమత తనవాళ్లతో.

పట్టారు. ఒకామె మడమ పట్టింది, ఇద్దరు నడుము పట్టారు, మమత మీద పడింది. సోమమ్మ మట్టిలో బోర్లా పడి, మోచేతుల మీద ఈడ్చుకుంటూ గీత వైపు చెయ్యి చాపింది. జానెడు దూరంలో ఊపిరి తెగింది. నోట్లో మట్టి, జుట్టు చెదిరి ముఖం మీద, ఎవరి మోకాలో వీపు మీద. ఎవరూ ఆమెను కనికరించలేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు హాయిగా అనిపించింది.

మమత లేచి చెయ్యి ఇచ్చింది. "దెబ్బ తాకిందా?"

"తాకింది. మంచిగ పట్టినవ్."

ఆట ఆఫీసువాళ్లే ఓడిపోయారు. సాయంత్రానికి సోమమ్మ మోకాలు కుండలా వాచింది. కాటమయ్య జండూబామ్ రాస్తూ, "గీ వయసుల నీకు గవన్ని అవసరమా?" అన్నాడు.

"పెండ్లిల అక్క అన్నవు గద. అక్క మాట ఇను. జర గట్టిగ రుద్దు."

కాటమయ్య చెయ్యి ఆగింది. తర్వాత, "గా మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆమె కాలు ఇంకొంచెం ఆయన వైపు జరిపింది.

కుర్చీలో కూర్చొని గంట కొట్టిన ఆ వారమంతా ఆమెకు నరకమే అయింది. నడక సరి కాగానే హరిత దగ్గరికి పోయి, మళ్లీ ఆటలు ఎప్పుడని అడిగింది.

"వచ్చే మార్చిలనే."

"అన్ని దినాలు నేను ఆగలేను మేడం."

హరిత ఆలోచించి, జిల్లా పోటీలకు పిల్లలు పొద్దున్నే ప్రాక్టీసు చేస్తున్నారు, రమ్మంది. సోమమ్మ మరునాడే తాళాలు తీసి గ్రౌండుకు పోయింది. ఆమె గీత దగ్గరికి నడిచి వస్తుంటే జట్టులో ఒక పిల్ల తక్కిన వాళ్లకు చెప్పింది: "అవ్వ వస్తాంది. మీ భుజాలు చూస్కోండ్రి."