మిలాడా ఎత్తగలిగిన చక్రం

మిలాడాకు యాభై తొమ్మిదేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో పశువులవాళ్లకు గడ్డి చుట్టలు తోలడంలోనే గడిచాయి. ముందు పికప్పు, వెనక పొడవాటి ట్రైలర్, పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, రేడియో తనకు నచ్చినట్టు పెట్టుకోవడానికని చెప్పేది. ఎవరి మీదా ఆధారపడకుండా ఆ బండి తోలుకోవడం తప్ప ఆమె కోరుకున్నదేమీ లేదు.

పాత ట్రైలర్ నడుం విరిగింది. కొత్తది కొనాలి. ఇరుసుకు అటూ ఇటూ రెండేసి జంట టైర్లా, లేక ఒక్కొక్క లావుపాటి ఒంటి టైరా? ఆమె ఒంటిది అంది. అంతే, గింజల గోదాములో పొద్దున్నే పాచికలేసి కాఫీ ఎవరి ఖర్చో తేల్చుకునే పెద్దమనుషులంతా ఆ సంగతిని నెత్తికెత్తుకున్నారు. వాళ్లలో ఒక్కడు కూడా బతుకులో ఆమె తోలినంత గడ్డి తోలలేదు. సలహాలకు మాత్రం లోటు లేదు.

అందరికంటే ముందున్నవాడు ఆమె అన్న లూమిర్. డెబ్బై ఏళ్లు. రెండేళ్ల కిందట పొలం కొడుకులకు అప్పగించినప్పటి నుంచి చెల్లెలి పనే అతని పని.

"జంట టైర్లే తీసుకో. ఒకటి పేలినా రెండోది మోస్తుంది" అన్నాడు.

"లోపలి టైరు పోతే రెండూ విప్పాలి. విప్పేది నువ్వా?"

"నేనే. ఫోన్ చెయ్యి, వస్తా."

ఆ మాటకే ఆమెకు ఒళ్లు మండేది. మార్చిలో అతని జంట టైర్ల ట్రైలర్ అరువు తీసుకుంటే, ఊరికి నలభై మైళ్ల అవతల లోపలి టైరు పోయింది. చూస్తే పనిముట్ల పెట్టెలో జాకీ లేదు. అది లూమిర్ కొట్టంలో ఉంది. ఫోన్ చేస్తే మూడు గంటల తర్వాత వచ్చాడు. ఆ తర్వాత మూడు వారాలు గోదాములో ఆ కథే చెప్పాడు, జాకీ ముక్క మాత్రం మింగేసి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తుంది?

శనివారం ఇద్దరూ ట్రైలర్లమ్మే డ్వేన్ దగ్గరికి వెళ్లారు. ఆమె రమ్మనలేదు, అతనే ఎక్కి కూర్చున్నాడు. డ్వేన్ కూడా బరువుల లెక్కలన్నీ లూమిర్ మొహం చూసే చెప్పాడు.

"డ్వేన్, కొనేది నేను" అంది మిలాడా. "ఆ ఒంటి టైరు ట్రైలర్‌కూ, ఈ జంట టైర్లదానికీ జాకీ పెట్టించు. ఒక పానా ఇవ్వు."

"ఎందుకండీ?"

"టైరు మార్చి చూస్తా. చెప్పులు కొన్నా తొడిగి చూసుకుంటాంగా."

ముందు ఒంటి టైరు. బోల్టులు విప్పింది, చక్రం దించింది. ఎక్కించడమే కాలేదు. యాభై కిలోల పైమాటే ఉంది. కింద గడ్డపార దూర్చి లేపింది, అయినా బోల్టుల మీద కూర్చోలేదు. మూడోసారికి కుడి భుజం కలుక్కుమంది. ఇన్ని నెలలు ఊరందరితో పోట్లాడింది ఈ చక్రం కోసమా అని తన మీద తనకే చిరాకేసింది.

అప్పుడు జంట టైర్ల వైపు నడిచింది. పైది విప్పింది, లోపలిది విప్పింది. ఒక్కొక్కటి ముప్పై కిలోలు. మోకాలితో ఊతమిచ్చి లోపలిది ఎక్కించింది, దాని మీద పైది. ముప్పావు గంట పట్టింది. చెమట, మట్టి, గ్రీజు. కానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"ఇదే ఇవ్వు" అంది.

లూమిర్ నవ్వు చెవులదాకా పాకింది. "మొదటి నుంచీ నేను మొత్తుకుంటున్నదేగా. బరువు మోసేది జంటే."

ఇక ఈ మాట అతని నోట బతికున్నన్నాళ్లూ వినాలి. గోదాములో అయితే పండగే. ఆమె చేతులు తుడుచుకునే గుడ్డను నేలకేసి కొట్టింది.

"బరువు కోసం కాదు. ఇది నేను ఎత్తగలను. రోడ్డు మీద ఆగిపోతే నీకు ఫోన్ చెయ్యక్కర్లేదు. అందుకు కొంటున్నా."

డ్వేన్ కాగితాలు తెస్తానని లోపలికి జారుకున్నాడు. లూమిర్ ఆ చక్రం దగ్గరికి వెళ్లాడు. బోల్టు ఒకటి చేత్తో బిగించబోయాడు. అది బిగిసే ఉంది.

"మార్చిలో నువ్వు పిలిచావు చూడు," అన్నాడు. "ఈ రెండేళ్లలో ఎవరైనా నన్ను సాయానికి పిలిచింది అదొక్కసారే."

మిలాడా పానా అతని చేతిలో పెట్టి, "మిగతా బోల్టులు కూడా చూడు" అంది.