మొదటి స్థానానికి ఎక్కిన పసరు మందు

మొన్న పక్కింటి కోడలు ఒక కరపత్రం చేత పట్టుకొని వచ్చింది. ఇంటి పట్టున ఉండి వెబ్ పని చేసుకొని సంపాదించుకోవచ్చనీ, ఎవరి వెబ్‌సైటునైనా సెర్చ్‌లో మొదటి పేజీకి ఎక్కించే విద్యను నెల రోజుల్లో నేర్పుతామనీ, ఫలితానికి గ్యారంటీ అనీ అందులో అచ్చు వేసి ఉంది. నేను ఒకప్పుడు ఇదే పని చేసుకొని బతికానని ఎవరో చెప్పారట, చేరమంటారా వద్దంటారా అని అడగడానికి వచ్చింది పాపం. ఆ గ్యారంటీ అన్న మాట కంటబడగానే నాకు ఒళ్ళు మండింది. సంతలో తాయెత్తులు అమ్మేవాడి నోట చిన్నప్పటి నుంచీ వింటున్న మాట అది. విద్య నిజమే, గ్యారంటీ మాత్రం అబద్ధమని చెప్పి పంపించాను గానీ, ఆ పిల్ల వెళ్ళిపోయాక చాలాసేపు నా కోపం చల్లారలేదు, ఆ కోపంతో పాటే పాత రోజులు ఒకటొకటిగా పైకి వచ్చాయి.

నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు, మనం పని నేర్చుకున్నది ఒక కాలంలో, దానితో పొట్ట పోసుకోవలసి వచ్చింది మరో కాలంలో. బళ్ళారి బ్రూస్‌పేటలో ఒక ప్రెస్సులో కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే పని నాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన ఊరు గనుక ఒకే శుభలేఖను రెండు లిపుల్లో కూర్చేదాన్ని, తెలుగు చదవలేని తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు కన్నడ అక్షరాలు, పెద్దవాళ్ళ తృప్తి కోసం వెనకవైపు తెలుగు. పెళ్ళి పిలుపులు ఫోన్లలోకి ఎక్కాక ప్రెస్సు మూతపడింది. యాభై దగ్గర పడిన వయసులో వెబ్ పేజీలు కట్టడం నేర్చుకొని, ఒకరి కింద కాకుండా సొంతంగా పని పట్టుకున్నాను. పళ్ళ డాక్టరు, బోర్లు వేసేవాళ్ళు, జీన్సు ప్యాంట్లు కుట్టించే యజమానులు నా దగ్గరకు వచ్చేవారు. పేజీ కట్టడం పెద్ద కష్టం కాదు. కట్టి ఇచ్చిన మర్నాటి నుంచి వాళ్ళు ఎత్తుకునే పాటే భరించలేకపోయేదాన్ని, సెర్చ్‌లో కొడితే మేము రావడం లేదు, వెనక వీధి వాడు వస్తున్నాడు అని. ఆ పాట పడలేక ఎస్.ఈ.ఓ. అనేది నేర్చుకోవలసి వచ్చింది. వెతికేవాడికి మన పేజీ ముందుగా కనబడేట్టు దాన్ని దిద్దే పని అది, అంతకంటే మహిమ ఏమీ లేదు.

ఒక మేడ మీద నేర్పేవారు. నేర్పే కుర్రవాడు మా అన్న కూతురి కంటే చిన్నవాడు. ఫలానా మాట శీర్షికలో రావాలి, మొదటి వాక్యంలో రావాలి, నడుమ ఇన్నిసార్లు రావాలి అని చెప్పుకుంటూ పోయేవాడు. నేనేమో మా పెదనాన్న చేతుల్లో పెరిగిన మనిషిని. ఆయన మా ఊరి హేతువాద సంఘానికి ఆయువుపట్టు, తుంగభద్ర కాలువ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి బళ్ళారి దగ్గర ఎమ్మిగనూరులో వరి పొలాలు చేసుకున్న మా తాతల మూటల్లో ఆ వాదాల అలవాటు కూడా వచ్చింది. కారణం తెలియకుండా అన్నం కూడా తినకూడదని నేర్పిన ఇల్లు మాది. కాబట్టి నేను ఆ కుర్రవాణ్ణి అడిగాను, ఎందుకు, ఎలా తెలుసు, ఎవరు పరీక్షించారు అని.

"సుమ్నే యాకె యాకె, ఎందుకు ఎందుకు అని అడుగుతారేంది మేడమ్? సెర్చ్ ఇంజన్‌కు అట్లయితేనే ఇష్టం. అందరూ అట్లే చేస్తాండారు" అన్నాడు.

ఇష్టమట! యంత్రానికి ఇష్టాలూ, అలకలూ, ఆగ్రహాలూ. నలభై ఏళ్ళు జాతకాలతో పోట్లాడి చివరికి ఫీజు కట్టి మరీ ఇంకో జాతకశాల మెట్లెక్కానా అనిపించింది. జీన్సు యజమాని ఒకాయన ఆ పద్ధతే నమ్మి, తన కంపెనీ పేరును రామకోటి రాసినట్టు పేజీ అడుగున తెల్లటి తెర మీద కంటికి కనబడని తెల్ల అక్షరాలతో వందలసార్లు రాయించుకున్నాడు, నేను వద్దన్నాక వేరే వాళ్ళ చేత. కొన్నాళ్ళకు ఆ పేజీ సెర్చ్‌లో ఎక్కడా కనబడకుండా పోయింది. దొంగతనం యంత్రానికి దొరికిపోయిందని నేను చెప్పేలోపే ఆయన సిద్ధాంతిని పిలిపించి బల్ల జరిపించాడు. "కంప్యూటర్‌ను ఈశాన్యానికి తిప్పించినా రాలే మేడమ్, ఇంగ నువ్వే ఏదన్నా చెయ్యల్ల" అని ఫోనులో ఆయన వాపోతుంటే నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు.

ఆ మేడ దిగి నా పద్ధతిలో నేనే నేర్చుకున్నాను. ఒకే రకం పేజీలు రెండు పెట్టడం, ఒకదానిలో ఒక్క మార్పు చేయడం, కాచుకొని ఉండటం, ఏమైందో చూడటం. అలా తెలిసిన రెండు సంగతులు మాత్రం నిజాలు. ఒకటి, మనం రాసే మాటకూ జనం వెతికే మాటకూ పొంతన ఉండదు, మనం కాలేయవ్యాధి అని రాస్తాం, వాళ్ళు పచ్చకామెర్లకు పసరు యాడ ఇస్తారు అని వెతుకుతారు, మన పేజీ దొరకాలంటే వాళ్ళ మాట మన శీర్షికలో ఉండాలి. రెండోది, సెర్చ్‌లో పేజీ పేరు కింద రెండు వరుసలు కనబడతాయే, చాలాసార్లు అవి మన మొదటి వాక్యాలే, నూటికి తొంభై మంది ఆ రెండు వరుసలు చదివి లేచిపోతారు. తొంభై అన్నది నా కోపం చెప్పిన లెక్క, పరీక్షించి చెప్పింది కాదు.

ఈ విద్య నా చేతికి రాగానే పెదనాన్నకు ఆశ పుట్టింది. కంప్లి దారిలో ఒక ఊళ్ళో ఒకాయన కామెర్లకు ఆకు పసరు పోసేవాడు, జనం బండ్లు కట్టుకొని పోయేవారు. దాన్ని ఖండిస్తూ పెదనాన్న ఒక వ్యాసం రాశారు, సంఘం పేరున వెబ్‌సైటు పెట్టి అందులో వేయమన్నారు. తెలుగులోనూ కన్నడంలోనూ కూర్చడానికి కూర్చొని చదివి చూస్తే చిక్కు కనబడింది. ఆయన తరం వాదసభల్లో ఒక మర్యాద ఉండేది. ఎదుటివాడి వాదాన్ని, దాన్నే పూర్వపక్షం అంటారు, వాడు ఒప్పుకునేంత నిండుగా ముందు చెప్పాలి, ఆ తరువాతే ఖండించాలి. పెదనాన్న ఆ మర్యాద తప్పలేదు. పసరు ఏ ఊళ్ళో ఇస్తారు, ఏ బస్సు ఎక్కాలి, ఆదివారం పొద్దున పరగడుపున ఎందుకు రావాలి, మూడు వారాల్లో ఎలా నయమవుతుందంటారు, అన్నీ పూసగుచ్చినట్టు మొదట రాసి, ఏడో పేరాలో తీరుబడిగా ఖండన మొదలుపెట్టారు.

తల కిందులుగా పెడదాం పెదనాన్నా, ముగింపు పైకి తెద్దాం అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వకుండా తీర్పు చెప్పేది వాదం కాదమ్మా, పోలీసు స్టేషను" అన్నారు. వ్యాసం ఆయన రాసినట్టే వేశాను. శీర్షిక మాత్రం జనం వెతికే మాటలతో నేనే పెట్టాను. అడుగున సందేహాలకు సంప్రదించండి అని సంఘం ఫోను నంబరు ఇచ్చాం, ఆ ఫోను నా దగ్గరే ఉండేది.

కొన్ని వారాల్లో ఆ పేజీ మొదటి స్థానానికి ఎక్కింది. పెదనాన్న సంతోషం చెప్పనలవి కాదు, మన మాట జనానికి చేరుతోందని కనబడిన ప్రతివాడికీ చెప్పారు. ఆ తరువాత ఫోను మోగడం మొదలైంది. ఈ వారం పసరు ఉండాదా అని ఒకరు, చిన్నపిల్లలకు పోస్తారా అని ఒకరు. నేను విసుక్కుంటూనే ఒక్కొక్కరికీ చెప్పేదాన్ని, పెదనాన్న చేతికి ఫోను చిక్కితే ఆయన పూర్వపక్షంతో మొదలుపెట్టేవారు, ఖండన చేరేలోగా అవతలివాళ్ళు పెట్టేసేవారు. ముగింపు పైకి తెద్దామని నేను మళ్ళీ అడగడం, ఆయన మళ్ళీ కాదనడం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒక ఆడమనిషి చేసింది. "పసరు ఇచ్చేది మీరేనామ్మా? మా కోడలికి కామెర్లు అయ్యిండాది. కడుపుతో ఉండాది, ఎనిమిదో నెల. ఎల్లుండి తీసుకొస్తాం, అన్నం పెట్టకుండా తీసుకురావల్లనా?"

గొంతు నాకు తెలుసు. మా వియ్యపురాలు. ఆ కోడలు మా అన్న కూతురు. అన్న పోయాక ఆ పిల్లను పెంచి ఎమ్మిగనూరులో ఇచ్చింది నేనూ పెదనాన్నే. కడుపుతో ఉన్నవాళ్ళకు కామెర్లు వస్తే తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదమని డాక్టర్ల నోట విని ఉన్నాను. వదినా నేను, పిల్లను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపొండి, పసరు పోయించవద్దు అని అరిచినట్టే చెప్పాను.

"ఓహో, ఇది మీ నంబరా? బయట మందూ లేదు మాకూ లేదంటారు, లోపల మీరే ఊరూ బస్సూ రాసి పెట్టిండారు! మా చిన్నోడు కన్నడంలో చదివి చెప్పినాడులే. నోటి మాట నమ్మల్లనా, రాసిన మాట నమ్మల్లనా?" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే తీయలేదు.

ఆ క్షణమే పేజీ మొదటి వాక్యాలు మార్చేశాను, పసరుతో కామెర్లు నయం కావు, గర్భిణులైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి అని. పెదనాన్నను అడగలేదు. అయినా సెర్చ్‌లో పాత రెండు వరుసలే, ఆదివారం, పరగడుపు. పేజీ మారినా యంత్రం దాన్ని మళ్ళీ చదువుకునే దాకా పాత మాటే చూపిస్తుంది, ఎప్పుడు చదువుతుందో ఎవరూ చెప్పలేరు. నేర్చిన విద్య అంతా అక్కడ ఆగిపోయింది. శనివారం పొద్దున్నే పెదనాన్నను వెంటబెట్టుకొని బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, వాదం సర్దుకుంటున్నారని నాకు తెలుసు, ఏడో పేరా దాకా ఎవరు వింటారని లోపల ఉడికిపోతున్నాను.

గడపలోనే వియ్యపురాలు ఫోను మా ముఖాల ముందు పెట్టింది. "రాప్పా పెద్దాయనా, రా. చదువు. ఇది నువ్వు రాసింది కాదా?" అంది. లోపల మంచం మీద మా పిల్ల కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పెదనాన్న ఆ కళ్ళు చూశారు. సభల్లో మూడేసి గంటలు నిలబడి మాట్లాడిన మనిషి, కారణాలూ ఉదాహరణలూ అన్నీ మింగేసి, "తప్పు రాసినానమ్మా. పాపను ఆసుపత్రికి తీసుకపోదాం పద. కొట్లాట ఆడికి పోయినాక పెట్టుకుందాం" అన్నారు. ఆయన నోట కారణం లేకుండా ముగింపు వినడం నాకు అదే మొదలు. వియ్యపురాలు తెల్లబోయింది. ఎదురు వాదన వస్తుందని చీర కొంగు బిగించుకొని నిలబడిన మనిషి కొంగు వదిలేసింది. "సరే, పద. ఏమన్నా అయితే నిన్నే అడుగుతా" అని తానే ఆటో పిలిపించింది.

పిల్ల చాలా రోజులు బళ్ళారి ఆసుపత్రిలో ఉంది. నెలలు నిండకుండానే కాన్పయింది, బిడ్డ బతికింది, తల్లీ బతికింది. ఆసుపత్రి వరండాలో మాట ప్రకారం వాళ్ళిద్దరూ కొట్లాట పెట్టుకున్నారు. పసరు తాగి బాగైన తన తమ్ముడి సంగతి ఆమె ఎత్తడం, అది తనంతట తాను తగ్గే రకమేమో అని ఆయన, అయితే అందరికీ ఎందుకు తగ్గల్ల అని ఆమె, ఒకరికొకరు టీ తెచ్చుకుంటూ. ఆమెను పెదనాన్న పూర్తిగా ఒప్పించలేకపోయారు. కానీ ఇంటికి వచ్చాక పేజీని తానే కూర్చొని తిరగరాయించారు, ముగింపు పైన, పూర్వపక్షం కింద. ఊరి పేరూ బస్సూ కొట్టేయించారు. నువ్వు చెప్పిందే సరి అన్నారు గానీ, ఆ సాయంత్రమంతా ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నారు.

ఆ రోజు గెలిచింది నేను. ఇన్నేళ్ళకు ఆ గెలుపు నాకు రుచించడం లేదు. ఇప్పుడు లోకమంతా నా పద్ధతిలోనే రాస్తోంది, ముగింపు పైన. ఆ కింద ఉండవలసిన కారణాలు మాత్రం ఎటో పోయాయి. ఫోనును ఏదన్నా అడిగితే జవాబు పలక మీద రాసినట్టు వస్తుంది, ఎవరు చెప్పారో, ఎవరు కాదన్నారో అడిగే ఓపిక ఎవరికీ లేదు. పెదనాన్న లేరు, వియ్యపురాలూ లేదు. ఆమె తప్పుగా నమ్మిందే గానీ, నమ్మినదాన్ని పట్టుకొని ఫోను చేసింది, గడపలో నిలబడి మమ్మల్ని చదవమంది. అందుకే మేము బస్సెక్కి వెళ్ళి ఆమెతో కొట్లాడగలిగాము. ఇవాళ ఏ ఇంట్లో ఏ పిల్ల ఏ రెండు వరుసలు నమ్మి పస్తుంటోందో నాకు తెలిసే దారి లేదు, వెళ్ళి నిలబడదామంటే ఎవరి గడప అని వెతకను?